అలిగిన మేటి ఆటగాని నేమి చేయవలెను?



మన ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతపు రచ్చబండల మీద వానను గూర్చియు, పత్తి ధరను గూర్చియు ఎంత చర్చ జరుగునో, ఎండకాలమున క్రికెట్టు ఆటను గూర్చియు అంత చర్చ జరుగుచున్నది. మనుమడు చేతిలోని ఫోనులో ఆట చూచుచుండును. తాత ప్రక్కన కూర్చుండి ఎవరు గెలిచిరని అడుగుచుండును. ఆ చర్చలలో తరచుగా వచ్చు వివాద మొకటి కలదు. జట్టు వరుసగా ఓడుచున్నది. జట్టులోని మేటి ఆటగానికి మనసు విరిగినది. వానిని వేరొక జట్టున కిచ్చివేసి, మారుగా మరి యిద్దరిని తెచ్చుకొనుట మేలా? బుజ్జగించి నిలుపుకొనుట మేలా? అమెరికా దేశపు ఫుట్‌బాలులో క్వార్టరుబ్యాకు అను ముఖ్యుడు కలడు. బంతి నందుకొని అది యెవరికి చేరవలెనో నిర్ణయించువాడు అతడే. అట్టివాడు అలిగినప్పుడెల్ల ఆ దేశమున కూడ ఇదే తగవు పుట్టుచుండును. నేటి ప్రసంగమున ఈ తగవును గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు విన్నవించుకొందును.

ముందుగా మా యింటి ముచ్చట యొకటి. నా చిన్నతనమున మాకొక జత యెద్దు లుండెను. వలపటి యెద్దు మేటిది. గొర్రు కట్టినను, గుంటక తోలినను, తిరునాళ్లలో బండ లాగించినను దానికి సాటి లేకుండెను. ఒక యేడు తొలకరిలో అది కాడి క్రిందికి మెడ నీయక మొండికేసినది. ముల్లుకర్రతో పొడిచినను కదలలేదు. ఒకనాడు నల్లరేగడి చేని నడుమనే పండుకొన్నది. మా తండ్రిగారికి కోపము వచ్చెను. పుష్యమాసమున యెమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు దానిని తోలుకొనిపోయి, పశువుల సంతలో అమ్మి, ఆ సొమ్మునకు మరికొంత చేర్చి వేరొక యెద్దును తెచ్చిరి. మరుసటి కారులో ఆ క్రొత్త యెద్దు కూడ మెడ నీయలేదు. అప్పుడు మా తాతగారు కాడిని తలక్రిందులు చేసి, అరచేతితో తడిమి చూచిరి. వలపటి వైపున కొయ్య చీలి సన్నని పెచ్చు లేచియుండెను. తాతగారు మా తండ్రిగారిని జూచి, "ఎద్దును మారిస్తివి గాని కాడిని మార్చకపోతివి కదరా" అని యొక్కమాట అనిరి. అమ్మిన యెద్దు కొన్నవారి యింట చక్కగా పని చేయుచున్నదని విని మా తండ్రిగారు రెండు దినములు సరిగా అన్నము తినలేదు. "అమ్మినందుకు నాకు విచారము లేదు, అమ్మకముందు కాడిని చూడనందుకే విచారము" అని వారు పెక్కు సంవత్సరముల వరకు చెప్పుచుండిరి.

ఆ కాడిని మనసున నుంచుకొని హైదరాబాదు జట్టు కథను వినుడు.

ఐపీఎల్ అను పోటీ 2008వ సంవత్సరమున ఆరంభమయ్యెను. జట్లకు ఊళ్ల పేర్లున్నను వాని యజమానులు ధనికులును, వ్యాపార సంస్థలును. ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి కుప్పలకు ధర పలికినట్లే అందు ఆటగాండ్రకు వేలములో ధర పలుకును. వేలమునకు ముందు ఒక జట్టు తన ఆటగానిని మరియొక జట్టునకు సొమ్మునకైనను, వేరొక ఆటగానికి మారుగానైనను ఇచ్చుకొనవచ్చును. అయితే ఆటగాని సమ్మతి లేక ఆ మార్పిడి జరుగరాదు. ఎద్దునకును మనిషికిని గల భేద మిక్కడనే యున్నది.

2013 నుండి సన్‌రైజర్స్ హైదరాబాదు అను జట్టు ఈ పోటీలో ఆడుచున్నది. దానికి మేటి ఆటగాడు ఆస్ట్రేలియా దేశీయుడగు డేవిడ్ వార్నర్. 2015, 2017, 2019 సంవత్సరములలో పోటీ మొత్తమున అందరికంటె అధికముగ పరుగులు చేసినవాడు అతడే. 2016లో నాయకుడై 848 పరుగులు చేసి, బెంగుళూరులో జరిగిన తుది ఆటలో ఎనిమిది పరుగుల తేడాతో జట్టును గెలిపించెను. హైదరాబాదున కప్పుడు విజేత బిరుదము దక్కెను. 2020లో వ్యాధి భయమున లోకమంతయు ఇండ్లలో కూర్చున్నప్పుడు, అతడు భార్యాబిడ్డలతో తెలుగు సినిమా పాటకు నాట్యమాడి మనవారి ముంగిళ్లలో బంధువువలె ఐపోయెను.

2021లో జట్టునకు చెడు దినములు వచ్చెను. ఆరు ఆటలలో ఐదు ఓడిరి. మే నెల 1వ తేదీన వార్నరును నాయకత్వమునుండి తొలగించి కేన్ విలియమ్సనునకు ఆ బాధ్యత నిచ్చిరి. మరునాటి ఆటలో వార్నరునకు జట్టులో చోటే లేదు. ఏండ్ల తరబడి జట్టును నడిపినవాడు ఆనాడు తోటివారికి నీళ్లందించెను. ఆ ఆటలోను హైదరాబాదు 55 పరుగుల తేడాతో ఓడెను. వ్యాధి కారణమున ఆగిన పోటీ సెప్టెంబరులో అరబ్బు దేశమున మరల సాగినప్పుడు, అతనికి రెండే ఆటలు దక్కినవి. సున్న, రెండు పరుగులు చేసెను. మరల ఆడనీయలేదు. తనను తొలగించుటకు కారణమును స్పష్టముగా తనకు చెప్పలేదని వార్నరు తరువాత బహిరంగముగ చెప్పినాడు. ఆ సంవత్సరము హైదరాబాదు పదునాలుగు ఆటలలో మూడే గెలిచి కట్టకడపటి స్థానమున నిలిచెను.

యజమానుల పక్షమునను న్యాయము పలుకవలెను. ఆ యేడు వార్నరు ఎనిమిది ఆటలలో 195 పరుగులే చేసెను. ఆ పరుగులును వేగముగ రాలేదు. ఓడుచున్న జట్టునకు నాయకుని మార్చుట పాపము కాదు. కాని పని మార్చుట వేరు, పరువు తీయుట వేరు. నాయకత్వము తీసివేయుటకు ఆట కారణమగును. కారణము చెప్పకుండుటకు ఏ ఆట కారణమగును?

తరువాతి సంగతి వినుడు. ఆ సంవత్సరమే నవంబరు 14వ తేదీన ఆస్ట్రేలియా ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పును గెలిచెను. ఆ పోటీ యందు 289 పరుగులు చేసిన వార్నరే ఉత్తమ ఆటగాడు. హైదరాబాదు అతనిని విడిచిపెట్టగా, 2022 ఫిబ్రవరి వేలమున ఢిల్లీ జట్టు ఆరుకోట్ల యిరువదియైదు లక్షలకు కొన్నది. మే నెలలో ముంబయిలో ఆ రెండు జట్లు ఎదురుపడగా, వార్నరు తన పాత జట్టు మీద 92 పరుగులు చేసి వికెట్టు కోల్పోకుండ నిలిచెను. ఢిల్లీ గెలిచెను.

ఇంతవరకు విన్నవారు, "చూచితిరా, అమ్మిన యెద్దు అక్కడ బాగుగా లాగినది" అందురు. తొందరపడకుడు. 2023లో అదే వార్నరు ఢిల్లీకి నాయకుడై 516 పరుగులు చేసెను. ఐనను పది జట్లలో ఢిల్లీ తొమ్మిదవది. పదియవది హైదరాబాదు. అమ్మినవారును కొన్నవారును జాబితా అడుగున ప్రక్కప్రక్కన కూర్చుండిరి. దీనివలన తెలియున దేమన, ఒక్క మేటివానిని వదలుటచే జట్టు బాగుపడదు, ఒక్క మేటివానిని తెచ్చుటచేతను బాగుపడదు. 2021 తరువాత హైదరాబాదు వార్నరునే గాక రషీద్ ఖానును సైతము నిలుపుకొనలేదు. అతడు గుజరాతు జట్టున జేరి 2022లో విజేతలలో నొకడయ్యెను. హైదరాబాదు మరల తలయెత్తినది 2024లోనే. ప్యాట్ కమిన్సు నాయకత్వమున ట్రావిస్ హెడ్డు మొదలగువారి ఆటతో తుది పోటీకి చేరి కలకత్తా చేతిలో ఓడెను. అనగా కాడిని క్రొత్తగా చెక్కించుకొనుటకు మూడేండ్లు పట్టినది.

ఇదే హైదరాబాదున అంతకుముందు మరియొక కథ జరిగినది. 2008లో దక్కన్ చార్జర్స్ అను జట్టునకు మన వి. వి. ఎస్. లక్ష్మణ్ నాయకుడు. ఊరి మేటి ఆటగాడను గౌరవస్థానమును స్వీకరించినచో, జట్టులో అత్యధిక ధర పొందినవానికంటె నూటికి పదునైదు వంతులు హెచ్చు సొమ్ము అతనికి దక్కెడిది. ఆ సొమ్ముతో జట్టు ఇతరులను కొనుక్కొనవలెనని లక్ష్మణ్ ఆ స్థానమును వదలుకొనెను. ఐనను ఆ యేడు జట్టు అడుగున నిలిచెను. మరుసటి యేడు నాయకత్వము ఆడం గిల్‌క్రిస్టు చేతికి పోయెను. 2009లో ఆ జట్టే విజేత. లక్ష్మణ్ జట్టును వీడలేదు. కావున నాయకుని మార్చియు మనిషిని నిలుపుకొనవచ్చునని చూపుటకు దూరదేశముల ఉదాహరణలు మనకు వలదు.

మన రాష్ట్రపు జట్టు సంగతియు మరువరాదు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీ నగరమున తొడకండరము పట్టివేసినను 161 బంతులెదిరించి భారతమునకు ఓటమి తప్పించిన వారిలో నొకడు. 2023లో మణికట్టు విరిగినను ఎడమచేతి వాటమున నిలిచి ఆంధ్ర పక్షమున ఆడెను. అట్టివాడు 2024 రంజీ పోటీలో మొదటి ఆట పిమ్మట నాయకత్వము వీడెను. ఫిబ్రవరిలో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో నాలుగే పరుగుల తేడాతో ఓడిన దినముననే, తనచేత బలవంతముగ రాజీనామా చేయించిరనియు ఆంధ్ర పక్షమున ఇక ఆడననియు అతడు ప్రకటించెను. క్రికెట్టు సంఘమువారు తమ మాట తాము చెప్పిరి. ఆ తగవులో తీర్పరినగుటకు నేను తగను. తరువాత మనసు మార్చుకొని మరియొక యేడు ఆంధ్రకే ఆడి, 2025లో త్రిపుర జట్టునకు వెడలిపోయెను. రాష్ట్రపు జట్టులో వేలము లేదు, అమ్మకము లేదు. విడువగా సంఘమునకు ఒక్క రూకయు రాదు, మారుగా మరియొకడును రాడు. పోయినది పూర్తిగా పోయినట్లే. అందుచేత అట్టిచోట మాట తీరు మరింత ముఖ్యము.

మార్పిడి యన్నచో అన్నివేళల చెడ్డదని నే ననను. 2025లో రాజస్థాను తొమ్మిదవదిగాను, చెన్నై పదియవదిగాను నిలిచెను. ఆ నవంబరులో సంజు శాంసన్ చెన్నైకి, రవీంద్ర జడేజా, శామ్ కరన్ రాజస్థానునకు మారిరి. ఇరుపక్షములు ఒప్పుకొని, ఎవరి కొరతను వారు చూచుకొని చేసిన బేరమది. కాని తెచ్చువాడును జాగ్రత్త పడవలెను. 2023 చివర ముంబయి హార్దిక్ పాండ్యాను గుజరాతునుండి తెచ్చి రోహిత్ శర్మ స్థానమున నాయకుని చేసినది. 2024లో సొంత ఊరి జనమే క్రొత్త నాయకుని ఎగతాళి చేసిరి. ముంబయి కడపటి స్థానమునకు దిగెను. ఒక యెద్దు తెచ్చునప్పుడు కొట్టములోని రెండవ యెద్దు మొగము గూడ చూడవలెను.

ఇంతకు నా అభిప్రాయమేమి? మూడు ప్రశ్నలు అడిగి చూడుడు. మొదటిది: అతని అలుకకు కారణము మనిషిలో నున్నదా, కాడిలో నున్నదా? కాడిలో నున్నచో అమ్మకము వ్యర్థము; వచ్చువాడును రేపు అలుగును. రెండవది: అతడు పోయినచో ఆ చోట నిలుచువాడు సిద్ధముగా నున్నాడా? లేనిచో అది బేరము కాదు, కోపము. మూడవది: అతనిని ఎదుట కూర్చుండబెట్టి కారణము చెప్పితిమా, అతని మాట వింటిమా? ఈ మూడింటిని దాటిన పిదపను అతడు ఉండనన్నచో పట్టి యుంచుట తగదు. మనసు లేనివానిని నిలిపినచో జట్టంతయు మనసు చెడును. అప్పుడు మంచి ధరకు, మంచి మాటతో సాగనంపుటయే మేలు.

ఈ విచారము ఆటతో తీరునది కాదు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన యెమ్మిగనూరు చేనేత సహకార సంఘమున మగ్గము నేయువాడు సభ్యుడు, కొన్న సొత్తు కాడు. అట్టి సంఘములలోను, మన భజన సమాజములలోను, కబడ్డీ జట్లలోను మేటి పనివాడు అలుగుట క్రొత్త కాదు. అలిగినవాడు వెడలిపోగానే అతనిని ద్రోహి యనుట మన కలవాటు. వాన లేని యేట ఈ సీమనుండి ఎన్ని కుటుంబములు పొట్ట చేతబట్టుకొని గుంటూరు వైపు పనికి పోవుచున్నవో మీకు నాకంటె బాగుగ తెలియును. వారిని ఊరికి ద్రోహులని మన మనము. పోవలసి వచ్చినవాని వెనుక కారణ మొకటి యుండునని మన మెరుగుదుము. ఆటగానికిని ఆపాటి న్యాయము చేయుదము.

వార్నరు 2025 మార్చిలో విడుదలయిన యొక తెలుగు చిత్రమున కనబడగా మన పిల్లలు చప్పట్లు కొట్టిరి. జట్టు విడిచినను జనులు విడువలేదు. పెద్దలు ఈసారి రచ్చబండ మీద ఈ తగవు వచ్చినప్పుడు, తీర్పు చెప్పుటకు ముందు కాడిని ఒకసారి అరచేతితో తడిమి చూడుడని వేడుచు సెలవు తీసికొందును.