చేతికి అబ్బవలసిన చదువు

(ప్లాటినం జూబ్లీ ఉత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో చదివి, గంజాం జిల్లా పల్లెలలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా జీవితం గడిపినవాణ్ణి. ఆ ఉద్యోగానికి కావలసిన శిక్షణను గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నా చేతులమీదుగా జరిగిన ఒక తప్పుతో ప్రారంభిస్తాను.

శిక్షణ తొలి నెలలలో ఒక పల్లెలో, కడుపుబ్బరంతో బాధపడుతున్న మేకకు నూనె మందు త్రాగించవలసి వచ్చింది. పాఠం నాకు కంఠస్థమే. మేక తల పైకెత్తి, నాలుక పట్టి, గబగబా మందు పోశాను. అది దగ్గింది. నేను ఆపలేదు. మందు ఊపిరితిత్తులలోకి దిగి, మూడవనాటికి మేక మరణించింది. యజమానురాలు ఒక గొల్ల అవ్వ. ఆమె నన్ను తిట్టలేదు. "చదువుకున్న బాబువి, దానికి దగ్గొచ్చింది నీకు వినబడలేదా?" అని మాత్రం అడిగింది. పరీక్షలలో నాకు వచ్చిన మార్కులన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు వెలవెలబోయాయి.

తరువాత అనుభవజ్ఞుడైన ఒక సహోద్యోగి నా చేతిమీద తన చేయి వేసి నేర్పాడు. మేక ముక్కు కంటి మట్టాన్ని మించి లేవకూడదు. పెదవి మూలనుండి కొద్దికొద్దిగా పోయాలి. గుటక పడిన తరువాతనే మరికొంత పోయాలి. దగ్గితే తక్షణం తల విడిచిపెట్టాలి. పుస్తకంలో ఇది నాలుగు వాక్యాలు. చేతికి రావడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

అందుచేత నా విన్నపం ఇది. విద్యార్థి నేర్చుకునే ప్రతి పనీ ఎవరో ఒక పేదవాని పశువు మీదనే నేర్చుకుంటాడు. ఆ మూల్యం పేదవాడు చెల్లించకుండా చూడడమే శిక్షణకు పరమార్థం. సూది వేయడం ముందు పండు మీద నేర్పాలి. కృత్రిమ గర్భధారణకు ముందు కబేళానుండి తెచ్చిన గర్భకోశం మీద చేయి తిరగాలి. ఆ పిమ్మటనే ఆవు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోని వీర్యనాళికను 37 డిగ్రీల నీటిలో కరిగించే అర నిమిషం కూడా చేసి చూస్తేనే వస్తుంది. మేకకు 102, 103 డిగ్రీల ఫారెన్‌హీటు సహజమైన వేడి. వంద ఆరోగ్యవంతమైన మేకలను పరీక్షించినవాడే జ్వరపు మేకను గుర్తించగలడు.

తనది కాని పనిని ఎరగడం కూడా శిక్షణలో భాగమే. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, టీకాలు, గాయాలకు కట్లు, ప్రథమ చికిత్స వంటి చిన్న సేవలను డిప్లొమా పొందినవారు చేయవచ్చునన్నది. అయితే రిజిస్టరైన వైద్యుని పర్యవేక్షణలోనే. ఎప్పుడు చేతులు వెనక్కు తీసుకొని వైద్యునికి కబురు పంపాలో తెలియనివాడు సగమే నేర్చినవాడు.

మన జిల్లాలో మరొక శిక్షణ అవసరం. చిలికా గేదెలు రాత్రివేళ సరస్సులో దిగి మేసి, ఉదయం ఒడ్డుకు చేరుతాయి. టీకా వేసేవాడు వాటి వేళకు వెళ్ళాలి. గంజాం మేకలను మేపే గొల్లలు మందలతో ఊరూరా తిరుగుతారు. వారి బాటలు తెలియాలి. తెలుగువారు గాలికుంటు అనేదాన్ని ఒడియావారు ఫాటువా అంటారు. రెండు మాటలూ తెలిసినవాడికే రోగం కథ పూర్తిగా వినబడుతుంది. తెలుగు బడి చదువు ఎందుకు పనికివస్తుందని అడిగే తల్లిదండ్రులకు నా సమాధానం ఇదే.

శతాబ్దాలపాటు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి 2011లో ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు ప్రకటించారు. ప్రయోగశాలల మేధతోపాటు, ఎండలో మంద మందకూ నడిచి టీకా వేసిన అనామకుల చేతులకూ ఆ విజయంలో భాగముంది.

సభలోని పశుపోషకులకు ఒక మనవి. పెద్దల సమక్షంలో నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థిని మీ పాక గుమ్మంనుండి త్రిప్పి పంపకండి. విద్యార్థులారా, మీ చేతి క్రింది మూగజీవం దగ్గినప్పుడు వినండి. నేను వినలేదు, ఆ అవ్వ మాట నేటికీ నా చెవిలో ఉన్నది.