విశ్వాసం లేని మనిషి



పొద్దుటి వంటా వార్పూ ముగించుకుని, గట్టు తుడుచుకుని, మీరు ఇప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. ఈ కాస్త తీరికలో నాకు పది నిమిషాలు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మాట గురించే.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అలాగని ఎవరి నమ్మకాన్నీ తప్పు పట్టడానికి రాలేదు. మా అత్తగారు రోజూ దీపం పెడతారు. ఆ కుందులు తోమేది నేనే. మా బెజవాడకి నాస్తికత్వం కొత్తదేమీ కాదు. గోరాగారూ, సరస్వతీ గోరాగారూ 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో ఇక్కడికి తీసుకొచ్చారు. అయితే నేను వాళ్ళలాగా చదివి, ఆలోచించి ఈ దారికి వచ్చానని చెప్పుకోలేను. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. చిన్నప్పటినుంచీ ఎందుకో నమ్మకం కుదరలేదు, అంతే.

దానివల్ల నాకు చిక్కేమీ రాలేదు, 2005 దాకా.

ఆ ఏడు మా అమ్మాయి పుట్టింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను. అత్తగారు అప్పటికే తిరుపతికి మొక్కుకున్నారు. ఆవిడా, మావారూ వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చారు. నేను వెళ్ళలేదు. చంటిపిల్ల ఉందన్నది సాకు. అది ఆవిడకీ తెలుసు. ప్రసాదం నా చేతిలో పెడుతూ, "ప్రాణం పోసినవాడికి ఒక్క దణ్ణమైనా పెట్టవు. ఇంత విశ్వాసం లేని మనిషివేమే!" అన్నారు.

మన తెలుగులో ఆ మాటకి రెండర్థాలున్నాయి చూడండి. నమ్మకమూ విశ్వాసమే, చేసిన మేలు మరిచిపోకపోవడమూ విశ్వాసమే. ఆవిడ ఏ అర్థంలో అన్నారో గాని, నాకు మాత్రం రెండోదే గుచ్చుకుంది. మొదటి విశ్వాసం లేనివాళ్ళకి రెండోది కూడా ఉండదా? బతికి బయటపడ్డానన్న సంతోషం గుండెల నిండా ఉంది. కాని దాన్ని తీసుకెళ్ళి ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు. అత్తగారికైతే కొండ ఉంది. నాకేముంది?

చాలా రోజులు ఇదే ఆలోచన. ఒకనాడు పిల్లకి పాలిస్తూ, అసలు నన్ను బతికించిందెవరని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చిన డాక్టరమ్మ. రక్తం ఓడుతున్న బట్టలు మొహం చిట్లించకుండా మార్చిన ఆయా. నాకు రక్తమిచ్చిన నలుగురు. ఆ నలుగురి పేర్లూ నాకు తెలియవు. సుప్రీంకోర్టు తీర్పు వల్ల మన దేశంలో 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడాన్ని నిషేధించారు. అంటే ఆ నలుగురూ డబ్బు కోసం కాకుండా ఇచ్చినవాళ్ళే. వాళ్ళ వెనక, మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని 1901లో లోకానికి చెప్పిన కార్ల్ లాండ్‌స్టైనర్ ఉన్నాడు. అంతకుముందు ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించడమంటే గుడ్డిగా చేసే పని. ప్రాణాలు పోయేవి కూడా. ఇక అందరికంటే దగ్గరగా, ఆ పన్నెండు రాత్రులూ వార్డు బయట బెంచీ మీద ముడుచుకు పడుకున్న మా అత్తగారు!

నేను దణ్ణం పెట్టాల్సినవాళ్ళు లేకపోవడం కాదు, లెక్కకు మించి ఉన్నారు. అది నాకు తోచిన రోజున మనసు తేలికపడింది.

మా పుట్టిల్లు గోదావరి డెల్టాలో. మా నాన్నగారు గుడికి వెళ్ళినా వెళ్ళకపోయినా, కాటన్ దొర విగ్రహానికి దండ వేసే రోజున మాత్రం తప్పకుండా వెళ్ళేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకనే కదా మా పొలాలకి నిలకడగా నీళ్ళొచ్చాయి. "ఆయనతోపాటు రాళ్ళు మోసిన కూలివాళ్ళకి కూడా తలొకటీ విగ్రహం పెట్టాలమ్మా, కాని పేర్లు ఎవరు రాసిపెట్టారు?" అనేవారు నాన్నగారు. కనుమనాడు పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టడంలో కూడా నాకు ఆ విశ్వాసమే కనిపిస్తుంది. ఏడాదంతా చాకిరీ చేసిన నోరులేని జీవాల మేలు తలుచుకునే రోజు అది.

మరి ఇంట్లో రోజూ చేయడం ఎలా అంటారా? నేను చేస్తున్నది చెబుతాను, నచ్చితే మీరూ చేసి చూడండి.

పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనకవైపు నుంచి, ఆదివారం రాత్రి మూడే మూడు వాక్యాలు రాస్తాను. "ఆరోగ్యం బాగుంది, పిల్లలు బాగున్నారు" అని కాదు. అలా రాస్తే నాలుగు వారాలకి విసుగొస్తుంది. ఎవరు, ఏం చేశారు అన్నది రాయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఊరు సగం నీళ్ళలో ఉన్నప్పుడు, మోకాలి లోతు నీళ్ళలో సైకిలు తోసుకుంటూ పాల ప్యాకెట్లు తెచ్చిన కుర్రాడి మీద ఆ వారం ఒక వాక్యం రాశాను. ఇలాంటిదే అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలతో చేయించి, 2003లో ప్రకటించారట. మా అమ్మాయి చదివి చెప్పింది. పదివారాలపాటు వారానికి అయిదేసి మేళ్ళు రాసుకున్నవాళ్ళు, చికాకులు రాసుకున్నవాళ్ళకంటే తమ బతుకు మీద ఎక్కువ తృప్తితో ఉన్నారట. అమ్మాయి ఆ సంగతి చెప్పకముందే నా పాల పుస్తకం సగం నిండిందనుకోండి!

రాయడంతో సరిపోదు, నోటితో చెప్పాలి. మన ఇళ్ళలో ఇదే కష్టం. "థాంక్స్" అంటే "మనలో మనకి థాంక్సేమిటి, పరాయివాళ్ళలాగా!" అంటారు. నిజమే, ఆ మాట ఇంట్లో అతకదు. కాని మన పెద్దవాళ్ళకి మాటలు లేకపోలేదు. "నీ కడుపు చల్లగుండ" అనేవారు. "ఇదంతా నీ చేతి చలవేనమ్మా" అనేవారు. వాటిలో వెన్నెలంత చల్లదనముంది. వాటిని మళ్ళీ నోటికి తెచ్చుకుందాం.

ఇక మూడోది కాస్త ఖర్చుతో కూడిన పని. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి "నీ మేలు మరిచిపోను" అని చెప్పి, జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే జీతం కోస్తే అది కృతజ్ఞత అవుతుందా? మాట చల్లగా ఉంటే చాలదు, చెయ్యి కూడా చల్లగా ఉండాలి. వారానికో రోజు సెలవు, ఏడాదికోసారి జీతం పెంపు, ఇవి దానం కాదు, బాకీ తీర్చడం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కృతజ్ఞత వేరు, సర్దుకుపోవడం వేరు. "తిట్టినా కొట్టినా అన్నం పెడుతున్నాడు కదా, ఉన్నదానికి సంతోషించు" అని మన ఆడవాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెబుతున్నది అది కాదు. మేలు చేసినవాళ్ళ మేలు గుర్తుపెట్టుకోవడమంటే, కీడు చేసినవాళ్ళ కీడు మరిచిపోవడం కాదు.

మరి పేర్లు తెలియని ఆ నలుగురి బాకీ? అది వాళ్ళకి తీర్చలేను, ఇంకొకరికి తీర్చాలి. పిల్ల కాస్త పెద్దదయ్యాక రక్తం ఇద్దామని వెళ్ళాను. వేలు పొడిచి చూసి, "అమ్మా, మీకే రక్తం చాలదు, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలి" అని పంపేశారు. సిగ్గేసింది. అందరికీ వడ్డించి, అడుగూ బొడుగూ తినే అలవాటు మనది కదా! ఆరు నెలలు తోటకూర, మునగాకు, వేరుశనగపప్పూ బెల్లమూ తిని, డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుని మళ్ళీ వెళ్ళాను. తీసుకున్నారు! ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఇప్పటికి ఎనిమిదిసార్లు ఇచ్చాను. ఎవరికి వెళ్ళిందో తెలియదు. తెలియకపోవడమే బాగుంది.

చివరిగా అత్తగారి సంగతి. అందరి గురించీ పుస్తకంలో రాశాను గాని, ఆవిడతో మాత్రం నోరు విప్పలేదు. ఆ ఒక్క మాట అడ్డంగా ఉండిపోయింది. కిందటేడు ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తూ, "అత్తయ్యగారూ, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పన్నెండు రాత్రులు బెంచీ మీద పడుకున్నారు. ఒక్కసారైనా నేను ఆ మాట ఎత్తలేదు. మీ మేలు మరిచిపోలేదండీ" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకే ఆ మాటలు, నూనె చీర మీద పడుతోంది చూడు" అని కొంగుతో మొహం తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే ఆవిడ వంటింట్లో ఉన్నారు. డికాక్షను వేసి, మొదటి గ్లాసు కాఫీ నాకిచ్చారు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో మొదటి కాఫీ నేను తాగడం అదే మొదలు.

మీ ఇంట్లో కూడా అలా చెప్పకుండా ఉండిపోయిన మాట ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళ సాయంత్రం లోపల చెప్పేయండి.