కంపెనీ బాధ్యత: నేరారోపణ నుండి ముందస్తు కర్తవ్యం వరకు



కంపెనీకి దేహం లేదు, సొంత మనసు లేదు. అయినా చట్టం దానిని ఒక వ్యక్తిగా గుర్తించి ఆస్తి సంపాదించడానికి, అప్పు చేయడానికి, దావా వేయడానికి అధికారమిచ్చింది. 1897లో సాలమన్ కేసులో బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీ వేరు, వాటాదారులు వేరు అని తేల్చిచెప్పడంతో, పెట్టిన పెట్టుబడి మేరకే నష్టం భరించే పరిమిత బాధ్యతా సూత్రానికి గట్టి పునాది పడింది. పరిశ్రమల విస్తరణకు ఎంతో తోడ్పడిన ఈ ఏర్పాటే, తప్పు జరిగినప్పుడు దోషి ఎవరన్న ప్రశ్నను జటిలం చేసింది.

ఈ ప్రశ్నకు రెండు దేశాలు రెండు సమాధానాలు ఇచ్చాయి. అమెరికా సుప్రీంకోర్టు 1909లో, సరుకు రవాణా చార్జీల్లో అక్రమ రాయితీలిచ్చిన న్యూయార్క్ సెంట్రల్ రైల్వే కేసులో, ఉద్యోగి తన విధుల్లో భాగంగా కంపెనీ మేలుకోసం చేసిన నేరం కంపెనీదే అవుతుందని నిర్ణయించింది. ఇంగ్లండ్‌లో మాత్రం 1915 నాటి లెనార్డ్ కేసు నుండి, సంస్థను నడిపించే అగ్రస్థాయి వ్యక్తుల ఆలోచననే కంపెనీ ఆలోచనగా పరిగణించే సిద్ధాంతం స్థిరపడింది. అందువల్ల 1971లో టెస్కో కేసులో ఒక దుకాణం మేనేజరు తప్పిదం కంపెనీకి అంటలేదు. సంస్థ ఎంత పెద్దదైతే తప్పించుకొనే వీలు అంత పెరిగింది.

భారతదేశంలో 1860 నాటి శిక్షాస్మృతే కంపెనీని వ్యక్తి అనే నిర్వచనంలో చేర్చింది. అయితే జైలుశిక్ష తప్పనిసరి అయిన నేరాలకు, జైలులో పెట్టడానికి వీలులేని కంపెనీని విచారించగలమా అన్న సందేహం దీర్ఘకాలం నిలిచింది. 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 3:2 మెజారిటీతో, అలాంటి కేసుల్లో జరిమానా విధించవచ్చని తీర్పునిచ్చింది. 2010లో ఇరిడియం కేసు, నేరబుద్ధిని, అంటే నేరం చేయాలన్న సంకల్పాన్ని, కంపెనీకి కూడా ఆపాదించవచ్చని స్పష్టం చేసింది.

అయినా నేరనిరూపణ ఒక్కటే న్యాయం కాజాలదని భోపాల్ తెలిపింది. 1984 డిసెంబరులో వేలాది ప్రాణాలను బలిగొన్న ఆ విషవాయు ఘటనపై 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2010లో దోషులకు పడిన శిక్ష రెండేళ్లు, కర్మాగారాన్ని నడిపిన భారతీయ కంపెనీకి పడిన జరిమానా సుమారు 5 లక్షల రూపాయలు. ఈలోగా ఢిల్లీ శ్రీరామ్ కర్మాగారంలో ఓలియం వాయువు లీకైన కేసులో, 1986 డిసెంబరులో, ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ధర్మాసనం సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని ప్రతిపాదించింది. ప్రమాదకర పరిశ్రమను నడిపేవారు ఎంత జాగ్రత్త పడ్డామని చెప్పుకున్నా మినహాయింపు లేకుండా నష్టపరిహారం చెల్లించాలని, ఆ మొత్తం సంస్థ ఆర్థిక స్తోమతకు తగినట్లుండాలని దాని సారాంశం.

చరిత్రలో మరింత విలువైన మలుపు, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన సవరణ. కంపెనీ కర్మాగారానికి ఒక డైరెక్టరే చట్టరీత్యా బాధ్యుడవుతాడని, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు తెలపాలని అది ముందే నిర్దేశించింది. ప్రమాదం జరిగాక సంకల్పాన్ని వెదకడం కంటే, జరగకముందే కర్తవ్యాన్ని ఒకరి పేర రాయడమే సరైన మార్గమని దీని బోధ. లంచాన్ని నివారించడంలో విఫలమవడాన్నే నేరంగా చేసిన బ్రిటన్ 2010 చట్టమూ ఈ దారినే నడిచింది. 2009 జనవరిలో హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడిన తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, మోసానికి పదేళ్ల వరకు జైలుశిక్షను విధించడంతోపాటు ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలని నిబంధన పెట్టడంలో ఈ నివారణ దృష్టి కనిపిస్తుంది.

అయినప్పటికీ 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. నియమం పుస్తకంలో ఉండటానికి, కర్మాగారంలో అమలు కావడానికి మధ్య మిగిలిన దూరానికి అది నిదర్శనం. ఆ దూరాన్ని కొలిచే పరిశోధన ఈ న్యాయశాస్త్ర సదస్సు కర్తవ్యం: తనిఖీలు ఎలా జరుగుతున్నాయో, చట్టం చెప్పిన ప్రజాసమాచారం కర్మాగారాల పక్కన నివసించేవారికి చేరుతున్నదో లేదో, బాధ్యుడైన డైరెక్టరు పేరు ఊరివారికి తెలుసునో లేదో పరిశీలించి రాయవలసిన బాధ్యత పండితులదే. ఇక్కడ సమర్పించబోయే పత్రాలు ఆ పనికి పూనుకోవాలని అధ్యక్షపీఠం కోరుతున్నది.