అతుకు గట్టిదైతే మంచం గట్టిది



మంచం కొనేటప్పుడు చాలామంది ఏం చూస్తారు? రంగు చూస్తారు. నునుపు చూస్తారు. ధర అడుగుతారు. కాని మంచం బలం రంగులో లేదు. కర్రకు కర్ర కలిసే చోట ఉంది. అదే అతుకు. అతుకు ఊడితే మంచం కూలుతుంది. దాని మీద పసిపిల్ల ఉండొచ్చు, బాలింత ఉండొచ్చు.

వికారాబాద్, తాండూరు పల్లెల్లోని పాత ఎడ్లబండి చక్రం గుర్తుందా? నడుమ దుంగకు బెజ్జాలుంటాయి. వాటిలోకి ఆకులు దిగి ఉంటాయి. చుట్టూ కర్ర అంచు, దాని మీద ఇనుప పట్టా. ఆ పట్టాను మంటలో కాల్చేవారు. కాలిన ఇనుము కొంచెం పెరుగుతుంది. అప్పుడే చక్రానికి తొడిగి నీళ్లు పోసేవారు. చల్లారిన ఇనుము ముడుచుకుంటుంది. అతుకులన్నీ బిగుస్తాయి. ఇక కంది బస్తాలు మోసినా చక్రం ఊడదు.

మంచంలో కూడా కర్ర కర్రలోకి దిగాలి. పట్టె చివరను నాలుకలా చెక్కుతారు. కోడుకు ఉలితో బెజ్జం తొలుస్తారు. పట్టె మందం 3 అంగుళాలైతే నాలుక మందం 1 అంగుళం ఉండాలి. అంటే మూడో వంతు. మరీ పలచనైతే నాలుక విరుగుతుంది. మరీ మందమైతే బెజ్జం పెద్దదై కోడు పగులుతుంది. నాలుక మెల్లగా కొడితే దిగాలి. తర్వాత అడ్డంగా బెజ్జం వేసి ఎండిన కర్ర చీల దిగ్గొడతారు.

ఉత్త మేకు చాలదా? చాలదు. పట్టె చివర్లో కొట్టిన మేకు కర్ర నారల మధ్యకు దూరుతుంది. అక్కడ పట్టు తక్కువ. ఊగీ ఊగీ వదులవుతుంది. కోసిన చివరకు జిగురు కూడా గట్టిగా పట్టదు.

పచ్చి కర్ర వద్దు. ఎండే కొద్దీ అది కుదించుకుపోతుంది. నాలుక సన్నబడి అతుకు వదులవుతుంది.

చాలా ఇళ్లలో తాండూరు బండలు పరిచి ఉంటాయి. బండ ఎత్తుపల్లంగా ఉంటే మంచం ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ అతుకు నలుగుతుంది. ఆనని కోడు కింద చెక్క పెట్టాలి. కడిగిన నీళ్లు అక్కడ నిలవనీయకూడదు.

డబ్బు ఇచ్చే ముందు మూల పట్టుకుని ఊపండి. అతుకు సందులో కాగితం దూర్చి చూడండి. దూరితే వదులున్నట్టే. చేయించుకునే మంచమైతే కొలతలు ముందే రాసి పెట్టుకోండి. టేపు మీద అంకెలు ఇప్పుడు మీరే చదవగలరు. రాసిన కొలత చేతిలో ఉంటే మాట మారదు.

మంచి వడ్లాయనకు ఈ ప్రశ్నలంటే కోపం రాదు. పనితనం తెలిసిన గిరాకీ అంటే ఆయనకూ ఇష్టమే.