టీడీఎస్ పెన్నుకు టోలీన్ కనబడదు

అరకులో తాగునీటి గురించి ఉపన్యాసం అనగానే టేబులు మీదికి ముందుగా వచ్చింది టీడీఎస్ పెన్ను. "మా ఊట నీళ్లకు 40 చూపించిందండీ, ఇంక భయం లేదు కదా?" అని ప్రశ్న. ఫ్యాక్టరీ సాల్వెంట్ల సంగతి తర్వాత, ముందు ఈ పెన్ను సంగతి తేలాలి.

దాని కొనలో రెండు లోహపు పుల్లలుంటాయి. వాటి మధ్య నీళ్లలో కరెంటు ఎంత పారిందో చూసి, దాన్నే లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో చెబుతుంది. ఉప్పూ సున్నమూ కరిగిన నీళ్లలో కరెంటు పారుతుంది. టోలీన్, బెంజీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు కలిసినంత మాత్రాన పారదు. కాబట్టి అవి పడ్డా 40 అంకె 40గానే ఉంటుంది. పైగా ఈ పెన్ను చూపే అతి చిన్న అంకె 1 మిల్లీగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంజీన్‌కు పెట్టిన హద్దు అందులో నూరో వంతు! స్టెతస్కోపుతో కంటిచూపు పరీక్ష చేస్తామంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇంటింటికీ తిరిగే ఫిల్టరు సేల్స్‌మన్ గారడీ మరీ అన్యాయం. రెండు గ్లాసులు పెడతాడు, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టరు నీళ్లు. రెండింట్లో కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతాడు. నిమిషం తిరక్కుండా బోరు నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టు మడ్డిగా మారతాయి. "ఇదేనమ్మా మీ పిల్లలు తాగుతున్నది" అంటాడు. ఆ తల్లి గుండె గుభేలుమంటుంది. ఆ మడ్డి నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. ఫిల్టరు నీళ్లలో లవణాలు దాదాపు లేవు గనక కరెంటు అంతగా పారలేదు, కడ్డీ కరగలేదు. ఈసారి అతను వస్తే ఆ రెండో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమనండి. అదే తుప్పు తేలుతుంది. వెనక వరుసలో నవ్వుతున్నవారు ఇంటికెళ్లి ఇది పదిమందికీ చెప్పాలి, ఎందుకంటే ఈ మాయకు వేలకు వేలు పోస్తున్నది కష్టజీవులే.

"మరిగిస్తే సరి" అన్నది ఇంకో మాట. క్రిముల విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. సాల్వెంటు మాత్రం ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది, పొయ్యి ముందున్న మనిషి దాన్నే పీలుస్తుంది. "వాసన లేదుగా" అంటారా? బెంజీన్ ముక్కుకు తెలిసేసరికే హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది.

వెతకనిది దొరకదు. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు కథ అదే. అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. కానీ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి వచ్చే నీటిలో మందులే ఉన్నాయేమో చూద్దామని స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పూనుకునేదాకా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని లోకానికి తెలియలేదు. అది 2007. రెండేళ్లకు చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో సెటిరిజిన్ కూడా బయటపడింది. తుమ్ములకు వేసుకునే మాత్రే!

అరకుకు ఆ బెడద ఎంత? గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా మీదుగా తాటిపూడికి దిగి విశాఖకు నీళ్లిస్తుంది. పరవాడ ఫార్మా సిటీ ఉన్నది కింద మైదానంలో. అక్కడి మురుగు కొండ ఎక్కి రాదు. పైకొచ్చేది ఫ్యాక్టరీలు రసాయనాలకు వాడి అమ్మేసిన పాత నీలి డ్రమ్ము. అందులో ముందు ఏముందో అడగకుండా కొని, కడిగి తాగునీళ్లు పోస్తే, ప్లాస్టిక్ గోడ పీల్చుకున్న రసాయనం మెల్లమెల్లగా నీళ్లలోకి దిగుతుంది. లేబులు గీకేసిన డ్రమ్ము పశువుల తొట్టికి కూడా వద్దు. ఇక పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులు, మెకానిక్ షెడ్ల వెనక పారబోసే నూనెలు. మన ఖోండలైటు రాయిలో పగుళ్లున్న చోట వాటికి ఊట దాకా దారి దొరుకుతుంది.

టైమైపోతోంది, పరీక్ష సంగతి త్వరగా. ఊరికిచ్చిన నీటి పరీక్ష కిట్టు ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము చూస్తుంది. సాల్వెంటుకు ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. వానాకాలం ఊట నీళ్లను ముందు క్రిములను పట్టే సీసాలో పోసి పెట్టండి, అవి నల్లబడితే అదే తొందర పని. డ్రమ్ము మీదో బంకు పక్క బోరు మీదో అనుమానముంటే ల్యాబువాళ్లిచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలే వాడాలి. కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. బోరు కాసేపు వదిలి, ధార సన్నగా పెట్టి, అంచు పైకి ఉబ్బేదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. బుడగ కనిపిస్తే సాల్వెంటు అందులోకే పారిపోతుంది, ఇంకో సీసా నింపాలి. సీసా మీద ఊరు, బోరు, తేదీ రాసి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే ఘాట్ దించి ల్యాబుకు చేర్చాలి.