పగడము పాలిపోవుటకు కారణమేమి?

(తెలుగు సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పగడమనగానే మన ఇండ్లలో మంగళసూత్రమునకు గ్రుచ్చిన ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. నేడు నేను మనవి చేయబోవునది ఆ పూసను గూర్చి కాదు. వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు సజీవమైన పగడమును గూర్చి. విదేశములందు పలువురు దీనిని ఇంటిలో గాజుతొట్టి యందు ఉప్పునీట పెంచుచున్నారు. అట్టి పగడము దినదినము కళ తప్పుచున్నప్పుడు కారణమును ఎట్లు కనుగొనవలెనన్నదే నేటి విషయము.

మన దేశమున ఈ వేడుకకు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, దిబ్బలు కట్టు పగడములన్నియు 2001లో చేర్చబడినవి. వానిని సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు నేరము. మఱి ఈ విద్య మనకేల? లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ మన దేశపు ముఖ్యమైన పగడపు తావులు. బదిలీపై అచటికి పోవువారు మనలో ఉన్నారు. తొట్టిలోని పగడమును పీడించు వేడియే సముద్రములోని పగడమును గూడ పీడించుచున్నది.

పగడము రాయి కాదు, మొక్క కాదు, అది జంతువు. దాని కణములలో కంటికి కానరాని నాచు నివసించును. ఆ నాచు వెలుతురుతో వండిన ఆహారమే పగడమునకు ప్రధానాధారము. దాని రంగులోను నాచుది పెద్ద పాలు. నీరు మితిమీరి వేడెక్కినచో నాచు వంట చెడి, విషపదార్థములు పుట్టును. అప్పుడు పగడము ఆ నాచును వెలికి నెట్టివేసి తెల్లబడును. వంటవానిని వెళ్ళగొట్టిన ఇల్లు పస్తులుండక తప్పదు గదా!

ఇక రోగనిర్ణయము. మొదట చూడవలసినది, ఒక్క పగడమే నలగినదా, తొట్టిలోనివన్నియు నలగినవా అనునది. ఒక్కటే అయినచో పొరుగు పగడము కుట్టుచుండవచ్చును, నీటి ప్రవాహము తగులకుండవచ్చును, లేదా పురుగు తినుచుండవచ్చును. ఈ పురుగులు పెక్కు రాత్రివేళ బయటపడును. దీపము పట్టి వెదకవలెను. అన్నియు నలగినచో తప్పు నీటిదో, వెలుతురుదో అని తలంపవలెను.

రెండవది రంగు. తెల్లబడినను పలుచని మాంసపు పొర నిలిచియున్నచో ప్రాణమున్నదన్న మాట. వేడినో, అతి వెలుతురునో శంకింపవలెను. పొర ఊడి ఎముక బయటపడినచో ఆ భాగము చచ్చినదే. క్షారత ఒక్కమాఱుగా మారినదేమో చూడవలెను. గోధుమరంగుకు తిరిగినచో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగినవో, వెలుతురు చాలలేదో విచారింపవలెను.

మూడవది కొలత. వేడి 25 లేక 26 డిగ్రీల సెల్సియస్, లవణము వెయ్యింటికి 35 పాళ్ళు, కార్బొనేటు క్షారత 8 లేక 9 జర్మను డిగ్రీలు, కాల్షియము లీటరునకు 400 మొదలు 450 మిల్లీగ్రాములు ఉండుట మేలు. కొలుచు పరికరమును గూడ ముందుగా సరిచూచుకొనవలెను. కొలమానమే తప్పినచో చికిత్సయంతయు తప్పును.

ఒక ఉదాహరణము. 200 లీటర్ల తొట్టిలో దినమునకు 2 లీటర్ల నీరు ఆవిరియగుననుకొందము. ఆవిరియగునది మంచినీరే, ఉప్పు తొట్టిలోనే నిలుచును. యజమాని తెలియక ఆ లోటును ఉప్పునీటితో నింపినచో, వారము దినములలో సుమారు 490 గ్రాముల ఉప్పు అదనముగా చేరును. లవణము 35 నుండి 37కు పైబడును. పగడము వాడును. అంగడిలో ఎన్ని మందులు కొని పోసినను ప్రయోజనముండదు. లోటును మంచినీటితో నింపుచు, పెరిగిన లవణమును మెల్లమెల్లగా దింపుటయే చికిత్స.

కావున ఒకేమాఱు నాలుగు చికిత్సలు చేయరాదు. ఒక్క మార్పు చేసి, కొన్ని దినములు వేచి, ఫలితమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకే ఫైలుపై నలుగురు నాలుగు విధములుగా ఉత్తరువులు వ్రాసినచో పని ఎవరివలన చెడినదో తేలదు, ఇదియు అట్టిదే.

తొట్టి యజమాని నీటిని చల్లబఱచగలడు. సముద్రమునకు అట్టి మీట లేదు. లక్షద్వీపముల పగడములు 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో వేడిమివలన తెల్లబడినవి. తెల్లబడినది వెంటనే చావదు. వేడి త్వరగా తగ్గినచో నాచు మరల చేరి కోలుకొనవచ్చును. ఆ గడువులో దానికి మఱియొక దెబ్బ తగులనీయకుండుట మన చేతిలోనిదే. దీవులకు పోవు సోదరులారా! పగడముపై కాలు మోపకుడు, దానిపై లంగరు వేయనీయకుడు, జ్ఞాపకార్థము ముక్కనైనను తేకుడు. తెల్లని పగడము కంటబడినచో చచ్చినదని తలపక, అటవీశాఖవారికి ఆ తావును, తేదీని తెలుపుడు.