మెదడువాపు వ్యాధి - దోమ పెట్టే నిప్పు, శరీరం చేసే పోరు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. మేము మెదడువాపు వ్యాధిని ఎంచుకున్నాము. ఇది ఎక్కువగా పదిహేనేళ్ల లోపు పిల్లల్ని పట్టే జబ్బు. దీనికి టీకా వుంది గాని, వచ్చాక వైరస్‌ను చంపే మందు ఈనాటికీ లేదు. ఇంత సైన్సు పెరిగిన రోజుల్లో మందు ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే, టీకా ఎందుకు వేయించాలో వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. అందుకే ఆ జవాబు చుట్టూనే మా ప్రసంగం నడుస్తుంది.

జ్వరం తలకెక్కి మనిషి ప్రేలాపనలో పడితే మన పెద్దలు 'సర్సాం' అనేవారు. తెలుగులో సన్నిపాతం అన్నారు. ఆ ఒక్క పేరు కింద ఎన్నో జబ్బులు వున్నాయి. క్షయ క్రిములు మెదడు పొరలకు సోకినా, మలేరియా ముదిరినా, వేరే వైరస్‌లు వచ్చినా లక్షణాలు దాదాపు ఇలాగే వుంటాయి. వాటిలో దోమ ద్వారా వచ్చేది జపనీస్ ఎన్‌కెఫలైటిస్. ఆసుపత్రి చీటీల్లో పొట్టిగా జె.ఇ. అని రాస్తారు. 1924లో జపాన్‌లో ఆరువేల మందికి పైగా ఈ జబ్బు పాలయ్యారు. 1935లో అక్కడే, చనిపోయిన రోగి మెదడులో నుంచి వైరస్‌ను వేరుచేశారు. పేరు అలా వచ్చింది గాని, జబ్బు జపాన్‌కు పరిమితం కాలేదు. మన దేశంలో 1955లో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో, అంటే వేలూరు ప్రాంతంలో దీన్ని గుర్తించారు. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో పెద్దయెత్తున వచ్చింది. 1999లో మన ఆంధ్రప్రదేశ్‌లో అనేక జిల్లాల పిల్లల్ని పట్టింది. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. 2003 వేసవి చివర అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలు మెదడు జ్వరంతో పడిపోతే 183 మంది చనిపోయారు. అది జె.ఇ. కాదు. చాందీపురా అనే వైరస్ అని పరిశోధకులు తేల్చారు. నాగపూర్ ప్రాంతపు ఊరిపేరు మీద 1965 నుంచి తెలిసిన వైరస్ అది. దాన్ని మోసేది దోమ కాదు, గోడ పగుళ్లలో వుండే ఇసుక ఈగ. కాబట్టి జ్వరంతో ఫిట్స్ వస్తే 'ఇది ఫలానా జబ్బే' అని ఇంట్లో కూర్చుని తేల్చరాదు. తేల్చవలసింది ప్రయోగశాల.

ఇక జె.ఇ. వచ్చే దారి చూద్దాం. వరిమళ్లలో నిలిచిన నీటిలో క్యూలెక్స్ జాతి దోమలు పెరుగుతాయి. పొలాల్లో వాలే కొంగల ఒంట్లో ఈ వైరస్ వుంటుంది. కొంగను కుట్టిన దోమ పందిని కుడితే, పంది రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. పందికి మాత్రం పెద్దగా జబ్బు చేయదు. ఆ పందిని కుట్టిన దోమలు పిల్లవాణ్ణి కుడితే వాడికి అంటుతుంది. మనిషి దగ్గరకు వచ్చాక దారి మూసుకుపోతుంది. మన రక్తంలో దోమకు అంటేటంత వైరస్ వుండదు. అందుచేత రోగి పక్కన కూర్చున్నా, వాడి గ్లాసులో నీళ్లు తాగినా ఈ జబ్బు అంటదు. రోగి ఇంటిని వెలివేసినట్టు చూడటం అన్యాయం.

ఈ పంది మాట వినగానే మనవాళ్లలో కొందరు 'మన ఇళ్లలో పందులు వుండవు గదా, ఆ జబ్బు మనకెందుకు వస్తుంది?' అంటారు. ఇది ప్రమాదకరమైన ధీమా. దోమ ఏ ఇంటివారి పద్ధతులూ అడిగి రాదు. ఊరిచివర తిరిగే పందిని కుట్టి, సాయంత్రం పొద్దుగూకాక మన వాకిట్లో ఆడుకునే పిల్లవాణ్ణి కుడుతుంది. కొంగలు ఎలాగూ అందరి పొలాల్లోనూ వాలతాయి. ఇంకొక తేడా కూడా గమనించాలి. డెంగీ దోమ ఇంటి కుండీల్లో, కూలర్లలో పెరిగి పగలు కుడుతుంది. ఇది పొలంలో పెరిగి సంధ్య వేళా రాత్రీ కుడుతుంది. కుండీలు కడగటం మంచిదే, కాని దానితో ఈ దోమ పోదు. పడుకునేటప్పుడు దోమతెర, చీకటిపడ్డాక పిల్లలకు నిండుగా బట్టలు, పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా వుండేలా పంచాయతీవారిని అడగటం, ఇవి మన చేతిలో వున్న పనులు.

దోమ కుట్టిన ప్రతివారికీ జబ్బు రాదు. వైరస్ సోకినవారిలో సుమారు 250 మందిలో ఒకరికే తీవ్రమైన మెదడువాపు వస్తుంది. మిగతావారిలో శరీరం వైరస్‌ను రక్తంలోనే అణచివేస్తుంది. ఆ ఒక్కరి సంగతి మాత్రం ఘోరం. జబ్బు తీవ్రమైనవారిలో వందకు ముప్పైమంది దాకా చనిపోవచ్చు. బతికినవారిలో వందకు ముప్పై నుంచి యాభైమందికి చేయి, కాలు, మాట, బుద్ధి వీటిలో ఏదో లోపం మిగిలిపోతుంది. ముఖం బొమ్మలా బిగుసుకుపోవడం, చేతులు వణకడం, ఎన్నో ఏళ్లు ఫిట్స్ రావడం ఈ జబ్బు విడిచిపోయే గుర్తులు.

ఇంత నష్టం వైరస్ ఒక్కటే చేస్తుందా? పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా తవ్వుతున్న ప్రశ్న ఇదే. వైరస్ నాడీకణాల్లో దూరి వాటిని చంపడం నిజమే. కాని కథ అక్కడితో అయిపోదు. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు వున్నాయి. మామూలు రోజుల్లో చెత్త ఎత్తుతూ, చుట్టూ చూస్తూ వుంటాయి. వైరస్ కనిపించగానే రెచ్చిపోయి మంట పుట్టించే రసాయనాలు వదులుతాయి. రక్తంలోని తెల్లకణాలను సాయానికి పిలుస్తాయి. మెదడుకూ రక్తానికీ మధ్య వుండే గట్టి గోడ ఆ వేడికి సడలుతుంది. మెదడు ఉబ్బుతుంది. కపాలం ఎముక గనుక ఉబ్బడానికి చోటు లేదు, ఒత్తిడి పెరుగుతుంది. వైరస్ తాకని మంచి నాడీకణాలు కూడా ఈ గందరగోళంలో చచ్చిపోతాయి. ఒంటిమీది చర్మం మళ్లీ వస్తుంది గాని, పోయిన నాడీకణం దాదాపుగా తిరిగి రాదు.

పూరిళ్ల వాడలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. ఆర్పవచ్చిన జనం పక్క ఇళ్ల కప్పులు కూడా లాగిపారేస్తారు. వాళ్లది దురుద్దేశం కాదు, వాడ దక్కాలనే తాపత్రయం. కాని తెల్లారి చూస్తే కాలిన ఇళ్లతో పాటు కూలిన ఇళ్లూ కనిపిస్తాయి. మెదడులో జరిగేది సరిగ్గా ఇదే.

అయితే ఆ కాపలా కణాలను ఆపేస్తే సరిపోదా? పరిశోధకులు ఆ ప్రయత్నమూ చేశారు. మంటను తగ్గించే డెక్సామెథాసోన్‌ను థాయ్‌లాండ్‌లో రోగులకు ఇచ్చి చూశారు. మేలు కనిపించలేదని 1992లో ప్రకటించారు. వైరస్‌తో పోరాడే ఇంటర్‌ఫెరాన్‌ను వియత్నాం పిల్లలకు ఇచ్చారు. అదీ ఫలించలేదని 2003లో తేలింది. హర్యానాలోని మానేసర్‌లో వున్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంవారు మినోసైక్లిన్ అనే పాత యాంటీబయోటిక్ ఎలుకల్లో ఈ కాపలా కణాల ఉద్రేకాన్ని తగ్గించి ప్రాణాలు నిలిపిందని 2008లో చూపించారు. మనుషుల్లో మాత్రం అంత స్పష్టమైన ఫలితం రాలేదు. దీనికి దగ్గరి చుట్టమైన వెస్ట్ నైల్ వైరస్ మీద జరిగిన ప్రయోగాల్లో, మైక్రోగ్లియాను తీసేసిన ఎలుకల్లో వైరస్ మరింత పెరిగి మరణాలు ఎక్కువయ్యాయి. అంటే కాపలావాడు లేకపోతే దొంగ ఇల్లంతా దోచుకుంటాడు, కాపలావాడు మితిమీరితే ఇల్లు కూలుతుంది. ఎప్పుడు ఆపాలి, ఎంత ఆపాలి అన్నదే చిక్కు. పిల్లవాడు ఆసుపత్రికి చేరేసరికే ఆ పోరు లోపల ముదిరిపోయి వుంటుంది. మందు దొరక్కపోవడానికి ముఖ్యమైన కారణం ఇది.

అయితే ఆశ ఎక్కడుంది? 1985లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన మరొక పరిశోధన దారి చూపింది. చనిపోయినవారిని, బతికినవారిని పోల్చి చూశారు. ఆసుపత్రిలో చేరేనాటికి వైరస్‌ను పట్టే ప్రతిరక్షకాలు రక్తంలోనూ వెన్నునీటిలోనూ తక్కువగా వున్నవారే ఎక్కువగా చనిపోయారు. పోరు గెలవాలంటే ఆయుధం ముందుగా సిద్ధమై వుండాలన్నమాట. టీకా చేసే పని సరిగ్గా ఇదే. వైరస్ మెదడు గడప తొక్కకముందే, రక్తంలోనే దాన్ని పట్టే ప్రతిరక్షకాలను తయారుచేసి పెడుతుంది. అప్పుడు మెదడులో నిప్పూ లేదు, కప్పులు పీకే పనీ లేదు.

మన దేశంలో పూర్వం కసౌలీలో ఎలుకల మెదడు నుంచి తయారైన టీకా వాడేవారు. 2006 నుంచి ప్రభుత్వం చైనాలో తయారైన బలహీనపరచిన వైరస్ టీకాను జబ్బు ఎక్కువగా వున్న జిల్లాల్లో వేయించసాగింది. 2013లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌వారు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి స్వదేశీ టీకాను తెచ్చారు. దానికి వాడిన వైరస్ 1980ల తొలినాళ్లలో కర్ణాటకలోని కోలారులో దొరికినదే. మన చిత్తూరు పక్కనే గదా కోలారు! జబ్బు వున్న జిల్లాల్లో బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒక మోతాదు, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండవ మోతాదు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. టీకా వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం రావచ్చు. దానికి భయపడి రెండవ మోతాదు మానరాదు.

ఇంత చేసినా ఏదో జ్వరం తలకెక్కిందనుకోండి. ఎక్కువ జ్వరం, వాంతులు, తలనొప్పి, మెడ బిగుసుకోవడం, పిల్లవాడు మత్తుగా పడివుండటం, తల్లిని గుర్తుపట్టకపోవడం, ఫిట్స్ - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం కూడదు. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలు, నీళ్లు, మందులు పెట్టకండి. చేతిలో తాళంచెవులు పెడితే ఫిట్స్ ఆగవు. దువా చేసుకోండి, ఎవరు కాదంటారు? బండిలో కూర్చుని చేసుకోండి. వైరస్‌కు మందు లేకపోయినా ఫిట్స్ ఆపడానికి, మెదడు ఒత్తిడి తగ్గించడానికి, ఊపిరి నిలపడానికి ఆసుపత్రిలో సాధనాలు వున్నాయి. జబ్బు మలేరియాయో, వేరే క్రిమి చేసినదో అయితే దానికి పూర్తి మందే వుంటుంది. అందుకే డాక్టరుగారు వెన్నునీరు తీస్తామంటే అడ్డుపడవద్దు. 'వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి' అన్న మాట అపోహ. కాళ్లు పడిపోతే అది జబ్బు వల్ల. ఆ నీటిలోని ప్రతిరక్షకాలను చూసే జె.ఇ.ని నిర్ధారిస్తారు.

చివరగా, బతికి బయటపడిన పిల్లల మాట. వాళ్లను చూసి 'పిచ్చివాడైపోయాడు' అనే నోళ్లను మనమే కట్టడి చేయాలి. ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా మానరాదు. కీళ్లు బిగుసుకోకుండా రోజూ వ్యాయామం చేయించాలి. వికలాంగ ధ్రువపత్రం, పింఛను, బడి, ఇవి వాళ్ల హక్కులు. కాగితాల పని తెలియని తల్లిదండ్రుల వెంట నడిచేవారు మన సభ్యుల్లో ఇద్దరు ముందుకు వస్తే ఎంతో మేలు.

సంఘానికి మా మనవి ఒక్కటే. ప్రతి వీధిలో రెండేళ్ల లోపు పిల్లలెందరో రాసుకుని, టీకా కార్డులు చూసి, మీ జిల్లాలో జె.ఇ. టీకా వేస్తున్నారో లేదో ఆరోగ్య కేంద్రంలో అడిగి, మిగిలినవారిని తీసుకువెళ్లి వేయించండి. దీనికి చందాలు అక్కరలేదు, నాలుగు సాయంత్రాలు చాలు.